ఆఫీసు కంప్యూటర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవనప్పుడు

గడియారం తప్పిన కంప్యూటర్‌లో సమయాన్ని చేత్తో సరిచేసే ముందు, అది సమయాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటోందో కనుక్కోవాలి. ఆ సంగతి తెలుసుకోకుండా సరిచేస్తే మరునాటికి మళ్లీ తప్పుతుంది. విండోస్ డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే సర్వర్ అదుపులో ఉంచే ఏర్పాటులో, లాగిన్‌ను ధ్రువీకరించే కెర్బరాస్ పద్ధతి, సెట్టింగు ఎవరూ మార్చకపోతే, కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య 5 నిమిషాలకు మించిన తేడాను అంగీకరించదు. కాబట్టి పాస్‌వర్డ్ సరైనదే అయినా షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోలేదని ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు, పాస్‌వర్డ్ మార్చుకొమ్మనే ముందు తెర మీది గడియారాన్ని చూడడం న్యాయం.

తేడా ఎంతో కొలిస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. సరిగ్గా 15 నిమిషాలు ముందుంటే, టైమ్ జోన్ జాబితాలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న వరుసకు బదులు ఖాట్మండు ఎంపికై ఉండవచ్చు. సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనకబడితే, అదే యంత్రంలో లినక్స్ కూడా ఉందేమో చూడాలి; లినక్స్ సాధారణంగా మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో, అంటే మన సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదువుతుంది.

రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసే ఆఫీసుల్లో ఏదో ఒక యంత్రం మాత్రమే ప్రతి ఉదయం వెనకబడి ఉంటే, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని మార్చాలి. అది 3 వోల్టుల బిళ్ల. విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఆఫీసుల్లో ఉప్పుగాలికి లోహం త్వరగా చిలుము పడుతుంది కనుక, బ్యాటరీని పట్టి ఉంచే రేకును కూడా శుభ్రం చేయడం మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. బలహీనమైన బ్యాటరీలు బయటపడేది అటువంటప్పుడే.

ఇవేవీ కాకపోతే అసలు పని మొదలవుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సమయం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే డబ్ల్యూ32టీఎం (w32tm) కమాండును క్వెరీ, సోర్స్ స్విచ్‌లతో నడపాలి. జవాబుగా డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్, పేరు వస్తే మార్గం సరిగానే ఉంది. లోకల్ సీమాస్ క్లాక్ అని వస్తే ఆ యంత్రం ఎవరినీ అడగకుండా తన గడియారాన్నే నమ్ముకుంటోందని అర్థం. అప్పుడు డొమైన్ నుంచే సమయం తీసుకునేలా అదే కమాండుతో సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్‌ను (syncfromflags) డొమ్‌హైయర్‌గా (domhier) పెట్టి, విండోస్ టైమ్ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టి, సమయాన్ని మళ్లీ కలిపే రీసింక్‌ను రీడిస్కవర్ స్విచ్‌తో నడపాలి. డొమైన్‌లోని యంత్రాలకు ఒక్కొక్కదానికీ విడిగా ఇంటర్నెట్ టైమ్ సర్వర్ పెట్టడం నా దృష్టిలో పొరపాటే, ఎందుకంటే అలా చేస్తే దేనికి ఏది ఆధారమో కొన్నాళ్లకు ఎవరికీ తెలియకుండా పోతుంది.

అన్ని యంత్రాలూ కలిసి ఒకే తప్పు సమయం చూపడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే అవి పరస్పరం ఏకీభవిస్తాయి కనుక లాగిన్‌లో ఏ ఇబ్బందీ రాదు. ద్వారకానగర్‌లోని ఒక ఆఫీసులో వేలిముద్రల హాజరు యంత్రానికీ కంప్యూటర్లకీ 7 నిమిషాల తేడా వస్తే, అందరూ హాజరు యంత్రాన్నే అనుమానించారు, తప్పింది సర్వర్. డొమైన్‌లో సమయానికి మూలం పీడీసీ ఎమ్యులేటర్ అనే ప్రత్యేక పాత్ర అప్పగించిన కంట్రోలర్, కనుక బయటి టైమ్ సర్వర్‌ను దానికి మాత్రమే చూపాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల నడిపే ఎన్‌టీపీ సర్వర్లను, అంటే నెట్‌వర్క్ ద్వారా సమయం అందించే సర్వర్లను, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లను వాడమంటున్నాయి. అవి జవాబివ్వకపోతే ఫైర్‌వాల్‌లో యూడీపీ 123వ పోర్టు మూసి ఉందేమో ముందుగా చూడాలి. ఆ కంట్రోలర్ వర్చువల్ యంత్రమైతే, దాన్ని నడిపే అసలు కంప్యూటర్ (హోస్ట్) నుంచి సమయం తీసుకునే సదుపాయాన్ని ఆపేయాలి. లేకపోతే హోస్ట్ గడియారంలోని తప్పు డొమైనంతటికీ పాకుతుంది.

సరిచేశాక డబ్ల్యూ32టీఎం కమాండులోని స్ట్రిప్‌చార్ట్ స్విచ్‌తో తేడాను కొన్ని నిమిషాలు గమనించి, మరునాడు ఉదయం యంత్రాలు ఆన్ చేసిన వెంటనే ఇంకొకసారి చూడాలి. హాజరు యంత్రాన్నీ, సీసీటీవీ రికార్డర్‌నూ అదే సర్వర్‌కు కలపాలి.