ఇంటి సీస్మోమీటర్ – పాఠం 5: అడ్డొచ్చే అదురును పట్టుకోవడం

పోయిన పాఠంలో నేల కదలికను కరెంటు సంకేతంగా మార్చే 4.5 హెర్ట్జ్ జియోఫోన్‌ను పెట్టెలో బిగించి రికార్డింగ్ మొదలుపెట్టాం. ఈపాటికి మీ తెరమీద గీత ఎడతెరిపి లేకుండా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకులో చాలా భాగం మన ఇంటిది, వీధిది, చెరువుగట్టుది. దాన్ని తగ్గించాలనగానే చాలామంది నేరుగా సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ మీద పడతారు. ఈ పాఠంలో ఫిల్టర్‌ను ఆఖరుకు పెట్టాను. ఏ అదురు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా ఫిల్టర్ వేస్తే, దాంతోపాటు భూకంపమూ కొట్టుకుపోతుంది.

ముందు ఆ కదలిక నేలదా, కరెంటుదా తేల్చుకోవాలి. జియోఫోన్ తీగలు విప్పి, దాని కాయిల్ నిరోధానికి సరిపడే రెసిస్టర్‌ను ఆ చోట తగిలించండి. ఈ రకం జియోఫోన్లలో చాలావాటికి అది 375 ఓంల దరిదాపుల్లో ఉంటుంది. ఈ పరీక్షకు సెకనుకు 200 శాంపిళ్లు పెట్టుకోండి. శాంపిళ్లలో సగం పౌనఃపున్యం వరకే రికార్డు చూపగలదు; 100 అయితే మన కరెంటు పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్ సరిగ్గా అంచుమీద పడి నమ్మదగ్గట్టు కనపడదు. గీత చదునైతే మీ సర్క్యూట్ బాగున్నట్టే. 50 దగ్గర శిఖరం నిలబడే ఉంటే అది కరెంటు తీగల నుంచి చొరబడే రొద, అంటే హమ్. అప్పుడు మెలివేసిన జంట తీగ, పైన షీల్డ్ ఉన్నది వాడండి. షీల్డ్‌ను రికార్డర్ వైపు ఒక్క చివరే ఎర్త్‌కి కలపండి. రెండు చివరలా కలిపితే లూప్ ఏర్పడి హమ్ ఇంకా పెరుగుతుంది.

ఇక నేల సంగతి. జియోఫోన్ మళ్లీ తగిలించి, రికార్డర్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపేయండి. ఏ వేళ ఏ పౌనఃపున్యం అదురు ఎంత ఉందో చూపే పటమే స్పెక్ట్రోగ్రామ్. స్పెక్ట్రోగ్రామ్‌లో మాయమైన గీతలు మీ ఇంటివి. నిమిషానికి 330 చుట్లు తిరిగే సీలింగ్ ఫ్యాన్ 5.5 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. చుట్టుపక్కల భూకంపాలు బాగా కనిపించే పౌనఃపున్యాల పట్టీ కూడా అదే కాబట్టి, ఆ గదిలో ఫ్యాన్ ఉండకూడదు. మెయిన్ ఆపినా మిగిలిన గీతలు ఊరంతా కరెంటు పోయినప్పుడు మాయమైతే అవి ఇరుగుపొరుగు మోటార్లవి. నిమిషానికి 1440 చుట్ల మోటారు 24 హెర్ట్జ్ దగ్గర, 2880 చుట్లది 48 దగ్గర సన్నటి గీత గీస్తుంది. చుట్లను 60తో భాగిస్తే చాలు, ఏ మోటారో పోల్చుకోవచ్చు.

మన గోదావరి డెల్టాకు ఇక్కడో తిరకాసుంది. ఏ పుస్తకం చూసినా అర్ధరాత్రి దాటాక నేల నిమ్మళంగా ఉంటుందని రాస్తారు. భీమవరం, ఉండి వైపు చేపల, రొయ్యల చెరువుల మధ్య ఇల్లున్నవాళ్లకు అది చెల్లదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ అందుకుంటుంది. ఆ గీత కొద్దిగా పక్కకు జరిగి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకే మీ ఊరి నిశ్శబ్ద వేళ ఏదో మీ రికార్డులోనే వెతకండి, పుస్తకంలో కాదు.

తర్వాత చోటు. మన కాళ్లకింద ఉన్నది గోదావరి తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు. రాతినేల కంటే ఇది అదురును పెంచి చూపిస్తుంది. గట్టిరాయి అందే లోతులో లేదు. గొయ్యి తీసి దించుదామంటే కోనసీమలో కాలువలకు నీళ్లొదలగానే ఊట పైకొస్తుంది. నా సలహా: కింది అంతస్తులో, ఇంటి పునాదికి తగలకుండా చిన్న కాంక్రీటు దిమ్మ పోసి, దానిమీద కడప బండ పరిచి, మూడు మరలమీద జియోఫోన్ నిలపండి. కింద రబ్బరు, చాప వద్దు. పైన థర్మోకోల్ పెట్టె బోర్లించండి. కొబ్బరిచెట్టుకు వీలైనంత దూరంగా ఉండండి. గాలికి మాను ఊగితే వేళ్లు నేలనంతా కదుపుతాయి.

ఇప్పుడు ఫిల్టర్. మోటారు గీతను మాత్రమే కత్తిరించాలని ఇరుకైన నాచ్ (ఒక్క పౌనఃపున్యాన్నే తీసేసే ఫిల్టర్) వేయకండి. బరువునుబట్టి మోటారు వేగం మారుతుంది, గీత తప్పించుకుంటుంది. 1 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవాటినే ఉంచే బ్యాండ్‌పాస్‌తో మొదలుపెట్టండి. ముడి రికార్డును ఎన్నడూ చెరపొద్దు. భూకంపంలో అన్నిటికంటే ముందు చేరే P తరంగం వచ్చిన క్షణం కొలవాలంటే ఒకే దిశలో నడిచే ఫిల్టర్ వాడండి. ముందుకూ వెనక్కూ నడిపేది P రాకముందే చిన్న వణుకును పుట్టిస్తుంది.

లారీకీ భూకంపానికీ తేడా ఆకారంలో ఉంటుంది. లారీ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. భూకంపంలో P ఉన్నట్టుండి మొదలై, కాసేపటికి అంతకంటే పెద్దగా, నెమ్మదిగా నడిచే S తరంగం వస్తుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత భూకంపాన్నే తీసుకోండి. అమలాపురానికి అది 280 కిలోమీటర్ల దరిదాపు దూరం. అంత దూరానికి P, S మధ్య దాదాపు అరనిమిషం ఎడం ఉంటుంది. ఏ లారీ అలా రెండు విడతలుగా రాదు.

ఒక్క అదురును మాత్రం తీసెయ్యొద్దంటాను. సుమారు 5 నుంచి 8 సెకన్లకోసారి వచ్చే నెమ్మది ఊపు, సముద్రపు అలలది. 4.5 హెర్ట్జ్ జియోఫోన్‌కు అది అంతగా అందదు; తక్కువ పౌనఃపున్యాలకు సర్దిన సర్క్యూట్ ఉంటే అందుతుంది. బంగాళాఖాతంలో తుపాను లేచినప్పుడు అది ఎలా పెరుగుతుందో చూడాలి. నా దృష్టిలో అది రొద కాదు, సమాచారం.

ఈ వారం అభ్యాసం: ఒక పూర్తి రోజు రికార్డు తీసి, స్పెక్ట్రోగ్రామ్‌లో కనిపించే ప్రతి గీత పక్కనా దాని యజమాని పేరు రాయండి. పేరు దొరకనివాటిని విడిగా ఉంచండి. వచ్చే పాఠంలో వాటితోనే మొదలుపెట్టి, P, S ఎడం నుంచి దూరం లెక్కకట్టడం నేర్చుకుందాం.