ఫ్లైవీల్ కదలడం లేదా? పాత ఆయిల్ ఇంజన్ పట్టేస్తే ఏం చేయాలి

మా ఊళ్లో కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్లన్నీ మూలపడ్డాయి. తాతయ్య చెరకు గానుగకు వాడిన లిస్టర్ రకం ఇంజన్ కూడా పన్నెండేళ్లు పాకలోనే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన మోడల్‌ను చూసి రాజ్‌కోట్‌లో చేసినది. ఒకే సిలిండర్, రెండు బరువైన ఫ్లైవీళ్లు (పక్కన తిరిగే చక్రాలు), నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్. కిందటేడు నేనూ బాబాయీ దాన్ని తిప్పబోతే ఇసుమంత కూడా కదల్లేదు. మళ్లీ తిరిగేలా చేయడానికి మూడు వారాలు పట్టింది.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే సలహా, ఫ్లైవీల్‌కు తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగమని. దయచేసి ఆ పని చేయకండి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఫ్లైవీల్ ఆకు విరిగినా, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగినా ఈ పాత ఇంజన్లకు సామాను దొరకడం కష్టం. హ్యాండిల్‌కు పొడుగు పైపు తొడిగి బలం పెట్టడమూ అంతే.

ముందు ఏది పట్టిందో తేల్చుకోండి

నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) విప్పేయండి. వాల్వు ఎత్తే లివర్ పైకి పెట్టండి. ఇప్పుడు ఫ్లైవీల్ అంచు పట్టుకుని రెండు వైపులా మెల్లగా ఊపి చూడండి.

నాజిల్ తీయగానే చక్రం కదిలి, ఆ కన్నంలోంచి నీళ్లు చిమ్మితే అదృష్టమే. సిలిండర్‌లో నీళ్లు చేరి పిస్టన్‌ను ఆపాయి, అంతే. కన్నానికి ఎదురుగా నిలబడకుండా తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిల్ పోయండి. చక్రం చాలావరకు తిరిగి, ప్రతిసారీ ఒకే చోట ఠక్కుమని ఆగితే వాల్వును అనుమానించాలి. ఎటూ కదలకపోతే చాలాసార్లు పిస్టనే పట్టి ఉంటుంది. క్రాంక్ కేస్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పెట్టె) తలుపు తీసి బేరింగుల దగ్గర కాలిన మరకలు, ఎండిపోయిన ఆయిల్ ఉన్నాయేమో కూడా చూడండి.

సమస్య: పిస్టన్ తుప్పుపట్టి సిలిండర్‌కు అతుక్కుంది

మా ఇంజన్‌కు వచ్చింది ఇదే. కారణం సైలెన్సర్ గొట్టం. దానికి మూత లేదు, ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉన్న చోట ఇంజన్ ఆగింది. వానలకు గొట్టంలోంచి దిగిన నీళ్లు నేరుగా పిస్టన్ మీద నిలిచాయి.

హెడ్ (సిలిండర్ పై మూత) విప్పితే పిస్టన్ మధ్యలో ఆగి ఉంది. దాని పైన సిలిండర్ గోడకు ఇటుక రంగు తుప్పు దట్టంగా పట్టింది. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఆ తుప్పు తీయకుండా పిస్టన్‌ను పైకి కదిపితే దాని చుట్టూ ఉన్న రింగులు అందులో ఇరుక్కుని విరుగుతాయి. సన్న ఎమరీ పేపర్‌కు డీజిల్ తడిపి, గోడ నున్నగా అయ్యేదాకా రుద్ది, పొడినంతా గుడ్డతో ఎత్తేయండి.

తర్వాత డీజిల్, పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిల్ సగం సగం కలిపి పిస్టన్ మీద రెండు వేళ్ల మందం పోసి వదిలేయండి. రోజూ మట్టం చూడండి. మాకు నాలుగు రోజులు చుక్క కూడా దిగలేదు. ఐదో రోజు పొద్దున చూస్తే వేలు మందం తగ్గింది, కింద క్రాంక్ కేస్‌లో ఎర్రటి చుక్కలు. రింగుల పక్కనుంచి దారి దొరికిందన్నమాట. ఆ చుక్కలు చూశాక మాకు టెన్షన్ సగం తగ్గింది.

అప్పుడు సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే గదిలో ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాత బాగా వేడి నీళ్లు పోయండి. పిస్టన్ కంటే ముందు సిలిండర్ వేడెక్కి కొద్దిగా వ్యాకోచిస్తుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టొద్దు, ఒకచోట ఎక్కువ వేడెక్కితే పగులుతుంది, పైగా లోపల డీజిల్ ఉంది.

బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) నాలుగున్నర అంగుళాలు, అంటే 114 మి.మీ. దానికంటే కొద్దిగా చిన్నగా తుమ్మ చెక్క గుండ్రంగా చేయించి పిస్టన్ మీద ఆనించి, సుత్తితో చిన్న దెబ్బలు వేయండి. అదే సమయంలో ఇంకొకరు ఫ్లైవీల్‌ను నెట్టాలి. చక్రం మీదా బాడీ మీదా సుద్దముక్కతో కలిపి గీత గీసుకుంటే కదలిక తెలుస్తుంది. మా గీతలు మొదటి రోజు గోరంత ఎడమయ్యాయి. అంత కదిలితే చాలు. వెనక్కి తిప్పి, ఆయిల్ పోసి, మళ్లీ ముందుకు. ఒకేసారి చుట్టంతా తిప్పాలని చూడొద్దు.

పిస్టన్ పూర్తిగా పైనో కిందో ఆగి ఉంటే చెక్కతో కొట్టకండి. రాడ్ నిటారుగా ఉంటుంది కాబట్టి దెబ్బంతా బేరింగుకే తగులుతుంది. బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర క్రాంక్‌కు బిగించిన చోటు) విప్పి పిస్టన్‌ను విడిగా కదపాలి.

సమస్య: చక్రం తిరుగుతోంది, కంప్రెషన్ (లోపల గాలి బిగువు) లేదు

వాల్వు గైడులో (దాని కాండం జారే గొట్టంలో) పట్టేసి తెరుచుకునే ఉంది. పుష్ రాడ్ (వాల్వును తెరిపించే కడ్డీ) వదులుగా ఆడుతుంటే అదే గుర్తు. కాండానికి ఆయిల్ వేసి, చెక్క సుత్తితో కిందికి తడుతూ పైకి లాగండి. తట్టేటప్పుడు పిస్టన్ పైన ఉండకూడదు, వాల్వు వంగిపోతుంది.

సమస్య: ఫ్యూయల్ పంపు రాక్ కదలడం లేదు

రాక్ అంటే డీజిల్ ఎంత పోవాలో అదుపు చేసే కడ్డీ. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డీజిల్ పూర్తిగా ఇచ్చే చోట రాక్ పట్టేసి ఉంటే, స్టార్ట్ కాగానే ఇంజన్ వేగం అదుపు తప్పుతుంది. పంపును డీజిల్‌లో నానబెట్టి వేలితోనే ఆడించండి. లోపలి ప్లంజర్‌కు ఎమరీ తగిలించకండి, కట్టింగ్ ప్లేయర్‌తో పట్టుకోకండి. వేలితో నెడితే జారిపోయేంత తేలిక అయ్యేవరకు స్టార్ట్ చేయొద్దు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి తీసుకునే నోటిని మూసేందుకు చెక్క పలక పట్టుకుని ఒక మనిషి పక్కనే ఉండాలి. చేత్తో మూయకూడదు.

అన్నీ వదిలాక క్రాంక్ కేస్ కడిగి కొత్త ఆయిల్, కొత్త హెడ్ గాస్కెట్ వేసి, లోడు లేకుండా పది నిమిషాలు నడపండి. ఆపాక కంప్రెషన్ మొదలైన చోట చక్రాన్ని నిలపండి, అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి. మా సైలెన్సర్ గొట్టానికి ఇప్పుడు పాత పాలడబ్బా బోర్లించి ఉంటుంది. ఇంజన్ వేసే ముందు దాన్ని తీయడం బాబాయి పని.