వోర్కుతాలో బండిని వెనక్కి పంపకండి

గత జనవరి సెలవుల్లో రష్యాలో మేముండే నగరంలో వైద్యం చదువుతున్న ముగ్గురు తెలుగు విద్యార్థులు ఉత్తరాన ఉన్న వోర్కుతా అనే ఊరు చూడడానికి వెళ్ళారు. వారిలో ఒకరు కుడిచేతి మూడు వేళ్ళ కొసలు పోగొట్టుకుని తిరిగివచ్చారు. సర్జన్ కావాలని ఇంత దూరం వచ్చిన కుర్రవాడు అతను. ఈ చలికాలం అప్పుడే రెండు బృందాలవారు అదే ఊరికి టికెట్ల గురించి నన్ను అడిగారు కనుక, ఎనిమిదేళ్ళుగా ఉత్తర రష్యాలో ఉంటూ అక్కడికి ఐదుసార్లు వెళ్ళివచ్చినవాడిగా ఇది రాస్తున్నాను. కోటు వేసుకోండి, టోపీ పెట్టుకోండి అని చెప్పడానికి కాదు. అంతవరకు మీకు తెలుసు.

వోర్కుతా ఆర్కిటిక్ వలయం దాటాక, 67.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న బొగ్గు పట్టణం. మాస్కో నుంచి రైలులో 2,200 కిలోమీటర్లకు పైగా, నలభై గంటలకు అటూ ఇటూగా ప్రయాణం. ఏడాది పొడుగునా నడిచే రోడ్డు ఏదీ ఆ ఊరిని మిగతా రష్యాతో కలపదు. తొలి గనులనూ, ఆ రైలు మార్గాన్నీ 1930, 40 దశకాలలో స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాల ఖైదీల చేత తవ్వించారు, వేయించారు. తరువాత నగరం చుట్టూ గనికొక పేట చొప్పున కట్టి, వాటిని ఒక గుండ్రటి రోడ్డుతో కలిపారు. స్థానికులు దాన్ని 'కల్త్సో', అంటే ఉంగరం, అంటారు. సోవియట్ యూనియన్ పోయాక గనులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. 1989లో సుమారు 1,15,000 మంది ఉన్న నగరంలో 2021 జనగణన నాటికి 57,000 మంది మాత్రమే మిగిలారు. ఉంగరం మీది పేటలు కొన్ని పూర్తిగా ఖాళీ అయ్యాయి, కొన్నిట్లో భవనానికి నాలుగైదు కుటుంబాలు ఉన్నాయి. మనవాళ్ళు వెళ్ళేది ఈ ఖాళీ పేటలను చూడడానికీ, ఫోటోలు తీసుకోవడానికీ. వేళ్ళు పోయేది కూడా అక్కడే.

ఆ ముగ్గురూ టాక్సీలో ఒక ఖాళీ పేటకు వెళ్ళి, వెయిటింగ్ ఛార్జీ ఎందుకు దండగ అనుకుని, రెండు గంటల తరువాత ఫోను చేస్తామని డ్రైవరుకు చెప్పి పంపేశారు. నలభై నిమిషాలకు గాలి లేచింది. అప్పటి ఉష్ణోగ్రత మైనస్ 27 డిగ్రీలు. వీడియోలు తీస్తూ చేతిలోనే పట్టుకున్న ఫోన్లు ఒకదాని తరువాత ఒకటి ఆరిపోయాయి. ఎదురుగా ఉన్న ఐదంతస్తుల భవనంలో నాలుగో అంతస్తు కిటికీకి పూల తెర ఒకటి వేలాడుతూ కనిపించడంతో, ఎవరో కాపురం ఉన్నారని నమ్మి మెట్లెక్కారు. ఎప్పుడో పగిలిన పైపుల నీళ్ళు ఆ మెట్ల మీద మోకాలెత్తున గడ్డకట్టి ఉన్నాయి. జారకుండా ఉండడానికి కుర్రవాడు చేతితొడుగు తీసి ఇనుప కమ్మీ పట్టుకుని ఎక్కాడు. ఆ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల గోడకు పాత క్యాలెండరు, నేల మీద చిన్నపిల్లల బూటు ఒకటి ఉన్నాయి, మనుషులు లేరు. చివరికి రోడ్డు మీద మంచు తోసే ట్రాక్టరు వాళ్ళను నగరానికి చేర్చింది. హోటల్లో గోరువెచ్చటి నీళ్ళ బేసినులో ముంచేటప్పుడు ఆ వేళ్ళు కొవ్వొత్తి ముక్కల్లా తెల్లగా ఉండి, బేసిను అంచుకు తగిలితే టక్కుమన్నాయని తోటివాడు చెప్పాడు. మర్నాటికి బొబ్బలెక్కాయి, మూడో వారానికి నల్లబడ్డాయి.

నేను చూసిన ప్రమాదాలన్నిటికీ మూలం ఇదొక్కటే. ఇళ్ళు కనిపిస్తే మనుషులు ఉంటారని మన కంటికి అలవాటు. మన వైపు ఎంత పాడుబడ్డ మేడ పక్కనైనా ఒక కిళ్ళీకొట్టు ఉంటుంది, అరిస్తే ఎవరో ఒకరు పలుకుతారు. అడవిలోకి అడుగుపెట్టేవాడు అడవి అని తెలిసి జాగ్రత్తపడతాడు గానీ, వీధి, బస్‌స్టాపు, దీపస్తంభాలు, బడి అన్నీ ఉన్న చోట అదే మనిషి ఊళ్ళో ఉన్నానని ధీమాగా తిరుగుతాడు. ఖాళీ పేట ఊరు కాదు. వెచ్చదనం లేని, నీళ్ళు లేని, తలుపు తీసేవాళ్ళు లేని టండ్రా మైదానం అది. కాకపోతే దానికి గోడలున్నాయి. అక్కడ మీకున్న ఇల్లల్లా మీరు వచ్చిన బండి. బండిని వెనక్కి పంపకండి.

బండి మాట్లాడుకోవడం

బేరం రానూపోనూ, వెయిటింగుతో కలిపి ముందే తేల్చుకోండి, సగం డబ్బు తిరిగివచ్చాకే ఇవ్వండి. మీరు దిగి తిరుగుతున్నంతసేపూ ఇంజను ఆపవద్దని చెప్పండి, ఎందుకంటే ఆ చలిలో ఆపిన ఇంజను మళ్ళీ అందుకుంటుందన్న భరోసా లేదు. ఏ పేటకు వెళ్తున్నారో, ఏ గంటకు తిరిగివస్తారో, రాకపోతే ఎప్పుడు 112కు ఫోను చేయాలో రష్యన్‌లో కాగితం మీద రాసి హోటల్ కౌంటరులో ఇవ్వండి. నోటిమాటగా చెప్తే షిఫ్టు మారగానే మరిచిపోతారు. గాలి ఎక్కువై బడులకు సెలవిచ్చిన రోజును అక్కడ 'అక్తిరోవ్కా' అంటారు. ఆ మాట వినిపించిన రోజున ఎవరు ఎంత తక్కువకు వస్తానన్నా బండి ఎక్కకండి. భారతీయ బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీల కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయడం లేదు కనుక రూబుళ్ళు నగదుగా దగ్గర ఉండాలి. డబ్బు చాలకపోవడం వల్లనే బండిని పంపేసినవాళ్ళను కూడా చూశాను.

ఒంటి మీదా, జేబులోనూ

ఫోనులో కనిపించే ఉష్ణోగ్రతను మాత్రమే చూసి బయలుదేరవద్దు, గాలి వేగాన్ని కూడా చూడండి. మైనస్ 25 డిగ్రీల చలికి గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి అది మైనస్ 41తో సమానం. బయటపడ్డ చర్మం పది నిమిషాలలోపే గడ్డకట్టవచ్చు. మనవాళ్ళు చేసే పొరపాటు బిగుతు బూటులో రెండు జతల మేజోళ్ళు కుక్కడం. దానివల్ల రక్తం ఆడక, ఒక జతతో బాగుండే కాలు రెండు జతలతో మొద్దుబారుతుంది. ఒక సైజు పెద్ద బూట్లు గానీ, అక్కడి ఉన్ని బూట్లు 'వాలెంకి' గానీ కొనుక్కోండి. లోపల నూలు బనియను వద్దు, చెమట పీల్చి ఆరదు. ఫోను లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆని ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని కూడా అలాగే ఉంచుకోవాలి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వేలు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాక, 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ముంచి ఆసుపత్రికి వెళ్ళండి. వోద్కా తాగితే వెచ్చగా ఉన్నట్టు అనిపించేది చర్మం వైపు రక్తం పరుగెత్తడం వల్ల. ఒంట్లో ఉన్న వేడి ఆ దారినే బయటికి పోతుంది.

గనులూ, భవనాలూ

మా నాన్నగారు గోదావరిఖనిలో బాయి పని, అంటే బొగ్గు గని పని, చేసినవారు. మూసేసిన ఇంక్లైన్ (గనిలోకి దిగే వాలు దారి) నోట్లోకి తొంగిచూసినందుకు నన్ను కొట్టినంతగా ఆయన జీవితంలో మరి దేనికీ కొట్టలేదు. ఆ దెబ్బల అర్థం వోర్కుతాలో 'సేవెర్నయా' గని కథ విన్నాక బాగా తెలిసింది. 2016 ఫిబ్రవరిలో అక్కడ మీథేన్ పేలి, మూడు రోజుల తరువాత రక్షణ పనుల మధ్య మళ్ళీ పేలి, మొత్తం 36 మంది చనిపోయారు. వారిలో ఐదుగురు కాపాడడానికి దిగినవారే. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. పరికరాలున్నవాళ్ళనే అది వదలలేదు, కనుక మూసిన గని ముఖద్వారంలో ఒక్క అడుగు కూడా వేయకండి, అగ్గిపుల్ల గీసి చూడకండి. భవనాల సంగతి మెట్ల మీది మంచుగడ్డతోనే చెప్పాను.

ఇక మిగిలినవి వరుసగా చెప్తాను, అన్నిటికీ కారణాలు అడగవద్దు.

ఒంటరిగా వెళ్ళవద్దు, ముగ్గురు వెళ్తే ముగ్గురూ కలిసే ఉండండి. బండి కనిపించే దూరం దాటకండి. కిటికీకి తెర ఉన్నంత మాత్రాన ఇంట్లో మనుషులున్నారనుకోకండి, పొగో దీపమో కనిపిస్తేనే నమ్మండి. నది అవతలి 'రుద్నిక్' పేటకు పోయే శిథిలమైన వేలాడే వంతెన ఎక్కకండి. వీధుల్లో మంచు గుంటగా కనిపించిన చోట కాలు పెట్టకండి, కింద మూత లేని మురుగుగొయ్యి ఉండవచ్చు. 'హల్మేర్-యూ' వైపు ఎవరు తీసుకువెళ్తామన్నా వెళ్ళకండి. 1995లో ఖాళీ చేయించిన ఆ పేట సైన్యం గురిచూసే మైదానం అయింది, 2005 ఆగస్టులో పుతిన్ ఎక్కిన బాంబర్ విమానం నుంచి వదిలిన క్షిపణులు పడ్డది అక్కడి సాంస్కృతిక భవనం మీదనే. డ్రోను తీసుకువెళ్ళకండి. సైనికుల్నీ, విమానాశ్రయాన్నీ, రైలు వంతెనల్నీ ఫోటో తీయకండి. పాస్‌పోర్టు, రష్యాలోకి వచ్చేటప్పుడు ఇచ్చిన ప్రవేశ కార్డు (మైగ్రేషన్ కార్డు) ఒంటి మీదే ఉండాలి, హోటల్లో కాదు. మీరు చదవలేని రష్యన్ కాగితం మీద, ఉద్యోగమన్నా, జీతమన్నా, సంతకం చేయకండి. తెలంగాణ నుంచి వచ్చి ఇలా సంతకం చేసి యుద్ధరంగానికి చేరినవారున్నారు. రైలు ఐదు నిమిషాలు ఆగిందని చెప్పులతో ప్లాట్‌ఫారం మీదికి దిగకండి. వట్టి చేత్తో ఇనుము ముట్టకండి. లోహపు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకోకండి. కెమెరాను బయటి నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చేముందు ప్లాస్టిక్ సంచిలో బిగించండి. చేతితొడుగు ఒక్క ఫోటో కోసం కూడా తీయకండి. ఇంకా మనుషులున్న పేటల్లో వారి ఇళ్ళనూ, పేదరికాన్నీ వింతగా వీడియోలు తీయకండి. ఆపదలో మీకు తలుపు తీయగలిగేది వాళ్ళే. బండిని వెనక్కి పంపకండి. డ్రైవరు తానే ఇప్పుడే వస్తానని వెళ్ళబోతే మీరూ ఎక్కి వెళ్ళండి. నచ్చిన చోటు ఇంకా చూడలేదని వెనకబడకండి.

దారిలో బండి మంచులో కూరుకుపోతే బండిలోనే ఉండండి. ఎదురుగా భవనాల వరుస ఎంత దగ్గరగా కనిపించినా నడిచి వెళ్ళకండి. పొగగొట్టం మంచుతో మూసుకుపోతే విషవాయువు లోపలికే వస్తుంది కనుక, ఒకరు బండి అంచు పట్టుకునే దిగి పది నిమిషాలకోసారి అక్కడి మంచు తీసేయాలి, కిటికీ అద్దం రెండు వేళ్ళ మేర దించి ఉంచాలి. నడిచి వెళ్ళి సాయం తెస్తానని డ్రైవరు అన్నా అతన్ని దిగనివ్వకండి.