గట్టి వాన రాకముందే గల్లీలో మాట్లాడుకోవాల్సినవి

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లోని మా గల్లీలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, కరెంటు పోయింది. ఎదురింట్లో మూడేళ్లుగా ఉంటున్న పెద్దావిడ ఫోన్ నంబరు మాలో ఎవరి దగ్గరా లేదని అప్పుడు తెలిసింది. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోసుకొచ్చారు. దారంతా ఆమె బీపీ మాత్రల డబ్బా గురించే అడుగుతూ వచ్చింది. అది కింద నీళ్లలో తేలుతోంది.

ఇప్పుడు జూన్ రాగానే ఒక కాగితం రాసుకుంటున్నాం. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎవరున్నారు, నడవలేనివాళ్లు, బాలింతలు ఎవరు, ఎవరికి డయాలసిస్ ఉంది, ఎవరు ఎవరింటికి వెళ్లాలి. ఒక కాపీ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. అసలు వాచ్‌మన్ కుటుంబం గురించే ముందు మాట్లాడుకోవాలి. సెల్లార్ గదిలో పిల్లలతో పడుకునేది వాళ్లు. మనం మాత్రం కారు పైకి తేవడానికి పరిగెత్తుతాం! సెల్లార్‌లోకి నీళ్లు దిగడం మొదలైతే కారు కోసం ఎవరూ కిందికి వెళ్లకూడదు. మీటర్లు కూడా అక్కడే ఉంటే నీళ్లు రాకముందే మెయిన్ ఆపేయాలి. నీళ్లు చేరాక బోర్డు జోలికి పోకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి.

నీళ్లు త్వరగా పోతాయని మ్యాన్‌హోల్ మూత తీసేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. బురదనీటి కింద ఆ గొయ్యి ఎవరికీ కనిపించదు. ఎక్కడైనా మూత లేకపోతే ఇప్పుడే జీహెచ్‌ఎంసీకి చెప్పండి: 040-21111111. ఈలోగా ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి అక్కడ నిలబెట్టండి.

వాన ఆగింది కదా అని వెంటనే దిగొద్దు. 2020లో ఆ వారంలోనే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, కింది బస్తీల్లోకి నీళ్లొచ్చాయి. మీ కాలనీకి పైన ఏ చెరువుంది, దాని నాలా ఎటు పోతుంది, పాతకాలం వాళ్లను అడిగి తెలుసుకోండి. నిమజ్జనం అయిపోతే వానలు పోయినట్టే అని కూడా అనుకోవద్దు. 1908లో మూసీ ఊరిని ముంచింది సెప్టెంబరు 28న.

భారీ వర్షం అని హెచ్చరిక రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, తాగేనీళ్లు విడిగా బిందెల్లో పట్టుకోండి. సంపులోకి వరదనీళ్లు చేరితే మోటారు వేయొద్దు. తోడేసి, కడిగి, బ్లీచింగ్ వేశాకే మళ్లీ వాడాలి.

వంట ఎవరింట్లోనో కూడా ముందే అనుకుంటే టెన్షన్ ఉండదు. ఆ రాత్రి రెండో అంతస్తులో పదకొండు మందికి ఒకే కుక్కర్‌లో కిచిడీ వండాం. ఉప్పు ఎక్కువైంది, గిన్నె మాత్రం ఖాళీ.