పాత ఫ్రిజ్ స్మోకర్‌లో సెగ ఎక్కడం లేదా? మాంసం చేదెక్కుతోందా? ముందు చూడాల్సిన చోటు ఇదీ

పాత ఫ్రిజ్‌నే మాంసం, చేప పొగబెట్టే పెట్టెగా, అంటే స్మోకర్‌గా మార్చుకున్నవాళ్ల కోసం ఇది. మిగతా సంగతుల కంటే ముందు ఒక్క ప్రశ్న. పైన పొగగొట్టం మూత తెరిచి ఉందా? సగం తెరిస్తే చాలదు, పూర్తిగా తెరిచి ఉండాలి. పొగ వృథాగా పోతోందని దాన్ని మూసేసి, చేప చేదెక్కాక కట్టెను తిట్టేవాళ్లే ఎక్కువ. పొగ లోపల నిలవ ఉండకూడదు. ఆహారాన్ని తాకుతూ పైకి పోవాలి. నిలిచిన పొగ చల్లబడి గోడల మీదా మాంసం మీదా తారులా పేరుకుంటుంది. నాలుకను మొద్దుబార్చే చేదు అదే. పొగ తగ్గించాలంటే చెక్క తగ్గించండి, వేడి తగ్గించాలంటే కింద గాలి వచ్చే ద్వారాన్ని మూయండి. పై మూత జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇక్కడ చెప్పేది లోపలి గోడలు కూడా రేకుతో ఉన్న పాత ఫ్రిజ్ గురించి. పక్కన గానీ కింద గానీ నిప్పుల పెట్టె, పైన పొగగొట్టం ఉన్న రకం. గ్యాస్‌ను మెకానిక్ చేత తీయించడం, కంప్రెసర్ విప్పడం, ఆరుబయటే వాడటం లాంటివి మీకు తెలిసినవే అనుకుంటున్నాను.

లక్షణం: 60 – 65 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పొగ తెల్లగా దట్టంగా వస్తుంది, మాంసం చేదు

పై మూత తెరిచే ఉంది, కట్టె ఎండినదే. బొగ్గు ఇంకో గుప్పెడు వేసినా, కింది ద్వారం ఇంకాస్త తెరిచినా థర్మామీటర్ ముల్లు కదలదు. తలుపు తీస్తే గోడలకు చెమ్మ. దీనికి చాలాసార్లు కారణం నిప్పులో ఉండదు. గాలి దొంగదారిన వస్తుంటుంది.

వేడి పొగ పైకి లేస్తుంటే పెట్టె అడుగు భాగం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలంతా నిప్పుల మీదుగానే రావాలి. మధ్యలో ఇంకో సులువైన దారి దొరికితే అటు నుంచే దూరుతుంది. అప్పుడు నిప్పుకు ఊపిరాడదు. రాజుకోవాల్సిన చెక్క మగ్గుతూ తెల్ల పొగ కక్కుతుంది. దొంగదారిన వచ్చిన చల్లగాలి నేరుగా ఆహారం దగ్గరికి చేరి సెగను చంపుతుంది. చేదు, చెమ్మ, ఎక్కని సెగ ఈ మూడూ దీనివల్లే.

ఇది ఇంత తేలిగ్గా తప్పించుకుపోవడానికి ఒక కారణం ఉంది. తలుపు పైభాగంలో సందుంటే పొగ బయటికి వస్తుంది, రేకు మీద మసి మరక పడుతుంది, అందరూ దాన్ని చూసి మూస్తారు. కింది సందు లోపలికి పీలుస్తుంది కాబట్టి పొగా రాదు, మరకా పడదు. చూడ్డానికి ఆ చోటు మిగతావాటి కంటే శుభ్రంగా ఉంటుంది.

చాలా ఫ్రిజ్‌లలో ఆ కింది సందు పుట్టుకతోనే ఉంటుంది. మంచు కరిగిన నీరు పోవడానికి వెనక గోడ అడుగున సన్నని గాడి, దాని మధ్యలో ఒక రంధ్రం. అక్కడి నుంచి ప్లాస్టిక్ గొట్టం కంప్రెసర్ మీది ట్రేలోకి దిగుతుంది. కంప్రెసర్‌తో పాటు ట్రేనీ తీసేస్తారు, రంధ్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కొవ్వు కారిపోవడానికి పనికొస్తుందని కావాలనే ఉంచేవాళ్లూ ఉన్నారు. రాగి గొట్టాలు, వైర్లు లాగేశాక మిగిలిన బొక్కలు దీనికి తోడు.

అంత చిన్న రంధ్రంతో ఏమవుతుందంటారా? లెక్క చూడండి. 20 మి.మీ. రంధ్రం వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్ల పైనే. నిప్పుల పెట్టెకు 50 మి.మీ. గొట్టం పెట్టి పావు వంతు తెరిస్తే నిప్పుకు దక్కే దారి 5 చదరపు సెం.మీ. తలుపు అడుగు అంచు 50 సెం.మీ. పొడవున ఒక్క మిల్లీమీటరు ఎడంగా ఉంటే అదీ 5 చదరపు సెం.మీ.యే. అంటే రంధ్రం, తలుపు సందు రెండూ కలిస్తే నిప్పుకు ఇచ్చిన దారికంటే దొంగదారే పెద్దది. పైగా ఆ గాలికి బొగ్గులు, బూడిద అడ్డు లేవు.

పరీక్ష: లోపల టార్చి వేసి, తలుపు మూసి, చీకట్లో చుట్టూ చూస్తే తలుపు సందులు తెలుస్తాయి. నీటి రంధ్రం మాత్రం దొరక్కపోవచ్చు, గొట్టం వంపులో వెలుతురు ఆగిపోతుంది. అందుకే రెండో పరీక్ష తప్పదు. నిప్పు బాగా అందుకున్నాక నిప్పుల పెట్టె గాలి ద్వారాన్ని రెండు నిమిషాలు మూయండి. పీల్పంతా దొంగదారుల మీదే పడుతుంది. వేలెడు వెడల్పు టిష్యూ కాగితం పట్టీని తలుపు అడుగు అంచు వెంట, కింది మూలల దగ్గర, వెనక రంధ్రాల దగ్గర నెమ్మదిగా జరపండి. సందున్న చోట కాగితం లోపలికి వంగి అతుక్కుంటుంది. పరీక్షయ్యాక గాలి ద్వారాన్ని కొద్దికొద్దిగా తెరవండి. నిప్పుల పెట్టె తలుపును ఒక్కసారిగా లాగితే మంట మొహం మీదికి ఎగుస్తుంది.

రంధ్రానికి మందు: ప్లాస్టిక్ గొట్టాన్ని పూర్తిగా పీకేయండి. లోపలొకటి, బయటొకటి 40 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు బిళ్లలు పెట్టి, మధ్యలోంచి 6 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టుతో బిగించండి. పెద్ద బొక్కకు పెద్ద బిళ్ల. అల్యూమినియం టేపు జిగురు సెగకు ఊడుతుంది. డబ్బాలోంచి ఉబ్బే ఫోమ్‌తో పూడ్చడమంటే ఆహారం పక్కన మండే పదార్థం పెట్టడమే. కొవ్వు కోసం అడుగున ట్రే పెట్టుకోండి, రంధ్రం అక్కర్లేదు.

తలుపుకు మందు: అయస్కాంతమున్న పాత రబ్బరు పీవీసీది. వేడికి ముందు మెత్తబడి, తర్వాత గట్టిపడి కింది మూలల్లో ముడుచుకుంటుంది. దాన్ని తీసేసి గాడి శుభ్రం చేసి, 3 మి.మీ. మందం నోమెక్స్ ఫెల్ట్ (వేడిని తట్టుకునే ఒత్తైన బట్ట) పట్టీ అంటించండి. అయస్కాంతం పోయింది కాబట్టి తలుపును అదిమిపట్టే లాగుడు గొళ్లేలు రెండు కావాలి, ఒకటి పైన, ఒకటి కింద. నడిమిన ఒక్కటే పెడితే కింది మూల మళ్లీ తెరుచుకుంటుంది. 10 సెం.మీ.కు ఒకచోట కాగితం పెట్టి తలుపు మూసి లాగి చూడండి. ప్రతిచోటా కాగితం బిగుతుగా ఉండాలి, తేలిగ్గా జారి రాకూడదు. వాడనప్పుడు ఆ గొళ్లేలకు తాళం వేయండి. పిల్లలు లోపల చిక్కుకుని చనిపోతున్నారనే అమెరికా 1956లో ఫ్రిజ్ తలుపులు లోపలి నుంచీ తెరుచుకోవాలని చట్టం చేసింది. మనం గొళ్లెం పెట్టి ఆ ప్రమాదాన్ని తిరిగి తెస్తున్నాం.

సందులు మూశాక అదే బొగ్గుకు సెగ బాగా ఎక్కుతుంది. పాత అలవాటున ద్వారం బార్లా తెరవకండి, పావు వంతుతో మొదలుపెట్టండి. మొదటి పావుగంట తెల్ల పొగ మామూలే. అది పలచబడి నీలిరంగుకు తిరిగాకే మాంసం పెట్టండి. ఇంకో మాట. పెట్టె 60 దగ్గరే ఆగితే కోడి మాంసం మధ్యలో 74 డిగ్రీలకు ఎన్నటికీ చేరదు. గంటల తరబడి అలా ఉన్నదాన్ని పొగ పట్టింది కదా అని తినొద్దు, పారేయండి.

లక్షణం: థర్మామీటర్ బాగానే చూపిస్తుంది, మాంసం ఉడకదు

తలుపు పైన బిగించిన డయల్ పైసెగను చూపిస్తుంది. ఆహారం ఉన్న అర దగ్గర ప్రోబ్ (వేడి కొలిచే కడ్డీ) పెట్టండి. ముందు మంచునీళ్లలో 0, సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటే మరిగే నీళ్లలో 100 చూపిస్తుందో లేదో చూడండి.

లక్షణం: ప్లాస్టిక్ కమురు కంపు

లోపలి గోడ ప్లాస్టిక్‌ది. దీనికి మరమ్మతు లేదు. 90 – 100 డిగ్రీలకు అది మెత్తబడుతుంది, వెనకున్న పాలియురేథేన్ ఫోమ్ కాలితే సైనైడ్ విషవాయువు వస్తుంది. 30 డిగ్రీలు దాటని చల్లపొగకే ఆ పెట్టెను ఉంచండి, నిప్పును గొట్టంతో దూరంగా పెట్టండి. పచ్చి మాంసాన్ని సరిగా ఉప్పులో ఊరబెట్టకుండా చల్లపొగ పెట్టకూడదు. పాత తీగ అరలు కూడా వాడొద్దు, కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది. స్టెయిన్‌లెస్‌వే కొనండి.

లక్షణం: మాంసం మీద నల్ల చుక్కలు

చల్లని పొగగొట్టంలో తేమ నీటిబొట్లుగా మారి మసితో కలిసి కారుతోంది. అరగంట ఖాళీగా వేడి చేయండి, మాంసం పైతడి ఆరాక పెట్టండి, గొట్టం నోటి కింద ఏమీ పెట్టకండి.

నిప్పుకు బదులు వాడే కరెంటు హాట్‌ప్లేట్ మాటిమాటికీ ఆగుతుంటే, చుట్టూ వేడికి దాని థర్మోస్టాటే కోసేస్తోంది. నాబ్‌ను బయటికి తెచ్చి, లోపలి వైరును సిలికాన్ తొడుగుదానికి మార్చి, రేకు పెట్టెకు ఎర్తింగ్ ఇవ్వండి. ఎదురుగాలి వల్లో, గొట్టం పొట్టిగా ఉండటం వల్లో సెగ ఎక్కకపోవడం అరుదు. గొట్టం మీద టోపీ పెట్టి, ఓ అడుగు పొడవు పెంచి చూడండి, చాలు.