జూలూకి ఫ్లాష్ కార్డులు: మాట మొదలు మారే భాషను కార్డులో ఎలా పెట్టాలి

ఒకవైపు దక్షిణాఫ్రికా భాష జూలూ మాట, రెండోవైపు తెలుగు అర్థం. ఫ్లాష్ కార్డులు అనగానే అందరూ మొదలుపెట్టేది ఇలాగే. జూలూ విషయంలో ఈ పద్ధతి త్వరగానే బెడిసికొడుతుంది. 'ఉముంతు' అంటే మనిషి అని గుర్తుంటుంది. 'మనుషులు వెళ్తున్నారు' అనాల్సి వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. బహువచనంలో మాట మొదలే మారిపోయి 'అబంతు' అవుతుంది. దాన్ని చూసి క్రియ కూడా ముందు 'బ' తగిలించుకుంటుంది: 'అబంతు బయహంబ'. తెలుగులో విభక్తులూ బహువచనాలూ క్రియ ప్రత్యయాలూ అన్నీ మాట తోకలో ఉంటాయి. జూలూలో సగం వ్యాకరణం తలలో ఉంటుంది. కాబట్టి కార్డు మీద ఏ మాటనూ ఒంటరిగా రాయకూడదు.

ఇక్కడ జూలూ మాటలు తెలుగు లిపిలో ఉన్నాయి, చదువుకోవడానికి మాత్రమే. కార్డు మీద రోమన్ లిపిలోనే రాయండి. దక్షిణాఫ్రికాలో పత్రికలు, బోర్డులు, బడి పుస్తకాలు అన్నీ ఆ లిపిలోనే ఉంటాయి. పైగా జ అనే మన ఒక్క అక్షరం కింద అక్కడి జెడ్, జె రెండూ కలిసిపోతాయి. దీర్ఘాలు కూడా ఇక్కడ వేయలేదు. చివరి నుంచి రెండో అచ్చును సాగదీస్తే చాలు: 'సవుబొన' పలికేటప్పుడు 'బో' అవుతుంది.

ముందు పది ధ్వని కార్డులు

మాటల కన్నా ముందు ఇవి చేసుకోండి. తప్పు ఉచ్చారణతో రెండు వందల మాటలు బట్టీపట్టాక దిద్దుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

కొన్ని ధ్వనులు తెలుగువాళ్లకు ఉచితంగా వచ్చేస్తాయి. టి-హెచ్ అంటే థ, కె-హెచ్ అంటే ఖ, పి-హెచ్ అంటే 'ఫలం'లోని అసలైన ఒత్తు ఫ, 'ఫ్యాన్'లోది కాదు. ఇదే అలవాటుతో బి-హెచ్ చూసి భ అనుకుంటే దెబ్బతింటారు. జూలూలో బి-హెచ్ మన మామూలు బ. ఒంటరి బి మాత్రం గాలిని కొద్దిగా లోపలికి పీలుస్తూ పలికే బ. రెండు అచ్చుల మధ్య వచ్చే ఒంటరి కె కూడా మెత్తబడి గ వైపు జరుగుతుంది.

హెచ్-ఎల్ కోసం నాలుకను ల స్థానంలో పెట్టి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. అదే గొంతు కలిపితే డి-ఎల్. 'హ్', 'ల' విడివిడిగా పలికితే తప్పు.

ఇక క్లిక్కులు. సి అనేది 'అయ్యో పాపం' అనే ముందు పళ్ల వెనక నాలుకతో చేసే చప్పుడు. ఎక్స్ గుర్రాన్ని అదిలించేటప్పుడు బుగ్గ పక్కన చేసేది. క్యూ నాలుకను అంగిలికి అంటించి 'టక్' మని వదిలేది. ఒక్కోదానికి ఒక్కో మాట చాలు: చెవిపోగు ఐ-సి-ఐ-సి-ఐ, కప్ప ఐ-ఎక్స్-ఓ-ఎక్స్-ఓ, గుడ్డు ఐ-క్యూ-ఏ-ఎన్-డి-ఏ. క్లిక్కును విడిగా చేయడం అందరికీ వస్తుంది. దాని వెంటనే ఆగకుండా అచ్చు పలకడమే అసలు సాధన, అందుకే కార్డు మీద అక్షరం కాక మొత్తం మాట ఉండాలి.

నామవాచకం కార్డు

జూలూలో ప్రతి నామవాచకం ఒక తరగతికి చెందుతుంది. తరగతిని బట్టి బహువచనం, క్రియ, విశేషణం, 'నా', 'నీ' అన్నీ మారతాయి. మొదట ఈ జతలు చేసుకోండి. చివరన ఉన్నవి క్రియ ముందు చేరే అక్షరాలు:

ఉముంతు / అబంతు, మనిషి: ఉ / బ
ఉముథి / ఇమిథి, చెట్టు: ఉ / ఇ
ఇగమ / అమగమ, పేరు: లి / అ
ఇసిహ్లలొ / ఇజిహ్లలొ, కుర్చీ: సి / జి
ఇంకొమొ / ఇజింకొమొ, ఆవు: ఇ / జి
ఉన్యవొ / ఇజిన్యవొ, పాదం: లు / జి

ఇవి కాక 'ఉబుసుకు' (రాత్రి) లాంటి ఉబు- మాటలకు బు, 'ఉకుహంబ' (వెళ్లడం) లాంటి ఉకు- మాటలకు కు. పుస్తకాల్లో తరగతులకు ఇచ్చే అంకెలు జూలూ చెందిన బంటు కుటుంబపు భాషలన్నిటికీ ఉమ్మడివి. అందుకే జూలూ పట్టికలో 12, 13 కనిపించవు. అచ్చుతప్పేమో అని వెతకక్కర్లేదు.

పట్టికలో మొదటి రెండు వరుసలు మళ్లీ చూడండి. ఉముంతు, ఉముథి రెండూ ఏకవచనంలో ఒకేలా మొదలవుతాయి. బహువచనానికి వచ్చాకే దారులు విడిపోతాయి. బహువచనం లేని కార్డు అందుకే పనికిరాదు. ఇ- తో మొదలయ్యేవీ అంతే: ఇగమ అయితే అమగమ, ఇమొతొ (కారు) అయితే ఇజిమొతొ. 'ఉమమ' (అమ్మ) ఇంకో ఉచ్చు. ఉమ్- అనే ముందుభాగం ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఉ- మాత్రమే ముందుభాగం, బహువచనం 'ఒమమ'. 'ఉబబ' (నాన్న) పక్కన పెట్టి చదివితే తికమక పోతుంది. బహువచనాన్ని నియమం ప్రకారం ఊహించి రాయకండి, నిఘంటువు చూసే రాయండి. 'ఇందొద' (మగవాడు) ఆవు తరగతిదే, బహువచనం మాత్రం 'అమదొద'.

కార్డు ముందు: అర్థం, వీలైతే బొమ్మ. వెనక: ఏకవచనం, బహువచనం, రెండిటితోనూ చిన్న వాక్యం. కుర్చీ కార్డు వెనక 'ఇసిహ్లలొ సియవ, ఇజిహ్లలొ జియవ' (కుర్చీ పడుతోంది, కుర్చీలు పడుతున్నాయి) అని ఉండాలి. మాట ధాతువు కింద గీత గీయండి. చాలా జూలూ నిఘంటువుల్లో ముందుభాగం తీసేసిన ధాతువు వరుసలోనే మాటలు ఉంటాయి. అబంతు కావాలంటే ఎ దగ్గర కాదు, ఎన్ దగ్గర వెతకాలి. తరగతికో రంగు పెట్టుకోవడం మంచి పద్ధతే, అయితే రంగు వెనకవైపు మాత్రమే వేయండి. ముందువైపు వేస్తే మీరు గుర్తుపట్టేది రంగును, మాటను కాదు.

పది నామవాచకాలు వచ్చాక పొడుగు వాక్యం ఒకటి చేర్చండి: 'ఇజింకొమొ జమి ఎజింకులు జియహంబ' (నా పెద్ద ఆవులు వెళ్తున్నాయి). అదే పిల్లలైతే 'అబంత్వన బమి అబఖులు బయహంబ'. ఒక వాక్యమంతా జి జి అంటుంది, ఇంకోటి బ బ అంటుంది. యతిమైత్రి వినడానికి అలవాటుపడ్డ చెవికి ఇది నియమం కన్నా ముందు లయగా ఎక్కుతుంది. గట్టిగా చదవండి. లయ తప్పితే వ్యాకరణం తప్పినట్టే. 'ఖులు' ఆవుల వాక్యంలో 'కులు' అయింది చూడండి. ముందు అనునాసికం వస్తే ఒత్తు పోతుంది.

క్రియకు మార్పిడి కార్డులు

క్రియను అర్థంతో కాక మార్పుతో అడగాలి. ముందు: 'న్గియహంబ (వెళ్తున్నాను), కాదు అనండి'. వెనక: 'అంగిహంబి'. ఇక్కడ ఒకేసారి మూడు జరుగుతాయి: ముందు అ చేరుతుంది, మధ్యలో య పోతుంది, చివరి అ ఇ అవుతుంది. య తీసేయడం మర్చిపోవడం అందరూ చేసే తప్పు. 'అతను వెళ్లడం లేదు' విడి కార్డు కావాలి. ఉ ఉండాల్సిన చోట క వచ్చి 'అకహంబి' అవుతుంది. 'నాకు తెలియదు' కూడా అలాంటిదే: 'అంగజి'. దీన్ని మొదటి రోజే నేర్చుకోండి, రోజూ పనికొస్తుంది.

య ఎప్పుడు ఉంటుంది? వాక్యం క్రియతో ముగిస్తే ఉంటుంది, వెనక కర్మ వస్తే మామూలుగా పోతుంది. 'న్గియబొన' (చూస్తున్నాను), 'న్గిబొన ఇంకొమొ' (ఆవును చూస్తున్నాను). రెండూ ఒకే కార్డు మీద ఉండాలి. పక్కనే 'న్గియబొంగ' పెట్టండి. అది 'కృతజ్ఞతలు'. ఒక్క ధ్వని తేడా, మొదట్లో అందరూ కలిపేస్తారు.

కాలాలకు మూడు చాలు: న్గియహంబ, న్గిహంబిలె (వెళ్లాను), న్గిజొహంబ (వెళ్తాను). ఐదారు క్రియలను ఈ మూడింటిలోనూ వ్యతిరేకంలోనూ తిప్పడం యాభై క్రియల అర్థాలు తెలియడం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

గుణసంధి కార్డులు

ఇది తెలుగు చదువుకున్నవాళ్లకు అచ్చొచ్చిన చోటు. 'తో', 'మరియు' అనే అర్థాల 'న' మాట ముందు చేరితే అ+ఇ ఎ అవుతుంది, అ+ఉ ఒ అవుతుంది. న + ఇంకొమొ = నెంకొమొ, న + ఉముంతు = నొముంతు. మన గుణసంధే. 'నాకు కారు ఉంది' అనడానికి న్గిన + ఇమొతొ = న్గినెమొతొ. సవర్ణదీర్ఘం మాత్రం ఆశించకండి: న + అబంతు = నబంతు, అంతే. ఈ సంధికి నాలుగు కార్డులు మించి అవసరం లేదు.

'లో'కి కూడా ఒకటి రెండు: 'ఇసికొలె' (బడి), 'ఎసికొలెని'. బడిలో, బడికి, బడి నుంచి అన్నిటికీ ఇదే రూపం. ఏదో క్రియ చెబుతుంది.

కార్డులు, పెట్టెలు, యాప్

కాగితం మీదైతే ఎ4 మందపు షీటును ఎనిమిది ముక్కలు చేయండి. పల్చటి కాగితం వద్దు, వెనక రాసింది ముందుకు కనిపిస్తుంది. 1970ల్లో జర్మన్ జర్నలిస్టు సెబాస్టియన్ లైట్నర్ ప్రచారం చేసిన ఐదు గళ్ల పెట్టె ఇప్పటికీ సరిపోతుంది. మొదటి గడి రోజూ, రెండోది రెండు రోజులకోసారి, తర్వాతవి 4, 8, 16 రోజులకు. సరిగ్గా చెబితే ముందు గడికి, తప్పితే మళ్లీ మొదటికి. ఏకవచనం చెప్పి బహువచనం తప్పినా తప్పినట్టే లెక్క. ఇక్కడ జాలి చూపితే పెట్టె మోసం చేస్తుంది.

ఫోన్‌లో, కంప్యూటర్‌లో కార్డులు తిప్పే ఆంకీ యాప్ అయితే ఏకవచనం, బహువచనం, అర్థం, క్రియ అక్షరం, ఆడియో అని ఐదు ఫీల్డులు పెట్టండి. రోజుకు 20 కొత్త కార్డులు అన్న మొదటి సెట్టింగును 8కి తగ్గించండి. జూలూ కార్డు ఒక్కటి నాలుగు విషయాలు అడుగుతుంది. ఎనిమిది సార్లు మర్చిపోయిన కార్డును యాప్ 'లీచ్' అని గుర్తుపెడుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ చదవకుండా విడగొట్టండి, లేదా ఏ కార్డుతో కలిసిపోతోందో చూసి రెండూ ఒకే కార్డు మీద ఎదురెదురుగా పెట్టండి.

ఆడియో అలంకారం కాదు. జూలూలో స్వరస్థాయి అర్థాన్ని మారుస్తుంది, రాతలో కనిపించదు. 'ఉయహంబ' అంటే 'నువ్వు వెళ్తున్నావు', మొదటి ఉ పై స్థాయిలో పలికితే 'అతను వెళ్తున్నాడు'. 'ఇన్యంగ' చంద్రుడు, నెల. ఇంకో స్వరంలో మూలికా వైద్యుడు. ఇలాంటివి చెవితోనే పట్టుకోవాలి. దక్షిణాఫ్రికా రేడియో ఉఖొజి ఎఫ్ఎం జూలూలోనే నడుస్తుంది. కార్డులో ఉన్న మాట వినిపించినప్పుడల్లా దాని ముందు అక్షరం పట్టుకోవడానికి రోజూ పది నిమిషాలు వినండి.

పలకరింపులు జతలుగానే రాసుకోండి. ఒకరికి 'సవుబొన', ఎక్కువమందికి 'సనిబొనని'. 'ఉంజని?' (ఎలా ఉన్నావు?) అంటే 'న్గియఫిల' (బాగున్నాను). పెద్దవాళ్లను 'బబ', 'మమ' అని పిలుస్తారు, పిలుపులో ముందరి ఉ రాలిపోతుంది. వీడ్కోలులో వెళ్లేవాళ్లతో 'హంబ కహ్లె', ఉండిపోయేవాళ్లతో 'సల కహ్లె'. ఈ రెండిటికీ ముందువైపు 'వీడ్కోలు' అని రాయకండి. 'మీరు బయల్దేరుతున్నారు, ఆవిడ ఇంట్లోనే ఉంది, ఏమంటారు?' అని రాయండి.