జ్యూరీ డ్యూటీకి పిలిస్తే ఏం వేసుకోవాలి, ఎలా మసలుకోవాలి?

సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదికో రెండేళ్లకో అమెరికాలో మనవాళ్లింటికి కౌంటీ కోర్టు నుంచి ఒక కవరు వస్తుంది. పైన ‘జ్యూరీ సమన్స్’ అని ఉంటుంది. సమన్లు అన్న మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లకి గుండె ఝల్లుమంటుంది, ఏ కేసులో ఇరుక్కున్నామోనని. కేసు మీ మీద కాదు. వేరెవరి కేసులోనో సాక్ష్యం విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో, అంటే జ్యూరీలో, కూర్చోవడానికి కోర్టు మిమ్మల్ని పిలుస్తోంది.

ఈ పని గురించి అడుగుదామంటే మన ఇళ్లలో అనుభవం ఉన్నవాళ్లు దొరకరు. ఇండియాలోనూ ఒకప్పుడు జ్యూరీలు ఉండేవి. 1959లో నేవీ కమాండర్ నానావతి నిందితుడిగా ఉన్న హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. ఆ తీర్పును హైకోర్టు పక్కనపెట్టి శిక్ష వేసింది. 1973 నాటి నేర విచారణ స్మృతిలో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. మన అమ్మానాన్నలు చూడని పనిని మనం పరాయి దేశంలో మొదటిసారి చేయబోతున్నాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండుసార్లు వెళ్లొచ్చాక నాకు బాగా పట్టుబడిన సంగతి ఒకటుంది. కోర్టు గదిలో ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషి బతుకు మీ మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి, అతని తల్లి, అవతలి పక్షంవాళ్లు, అందరూ మీ వంకే చూస్తుంటారు. మీ ఒంటి మీది బట్టలు గానీ మీ ముఖం గానీ ఎవరి పక్షానా మాట్లాడకూడదు. కింద చెప్పే సలహాలన్నీ దాదాపు అక్కడి నుంచే పుట్టాయి.

1. ముందు సమన్లు పూర్తిగా చదవండి

తేదీ, సమయం, ఏ భవనానికి రావాలి, కారు ఎక్కడ పెట్టాలి, మీ జ్యూరర్ నంబరు, ఏం వేసుకోకూడదు... ఇవన్నీ అందులోనే ఉంటాయి. బట్టల విషయంలో ఒక్కో కోర్టుది ఒక్కో పద్ధతి. మెకిన్నీలోని కాలిన్ కౌంటీ కోర్టుకు వెళ్లొచ్చిన స్నేహితులు చెప్పినది న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీలో యథాతథంగా వర్తించకపోవచ్చు. మీ కాగితం మీద ఉన్నదే మీకు ప్రమాణం.

చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి గ్రీన్ కార్డు, హెచ్-1బి వాళ్లకీ ఈ కవరు వస్తుంటుంది. పౌరులు కానివాళ్లు జ్యూరీలో కూర్చోకూడదు. అలాగని కవరు చెత్తబుట్టలో వేయకండి. సిటిజన్‌ను కాదని ఫారంలో గుర్తుపెట్టి తిప్పి పంపండి. పొరపాటున కూడా సిటిజన్‌నని రాయొద్దు, ఇమిగ్రేషన్ విషయంలో దాని పర్యవసానం చాలా తీవ్రంగా ఉంటుంది.

పెద్ద వయసులో సిటిజన్‌షిప్ తీసుకున్న అమ్మానాన్నలకు పిలుపొస్తే ఇంగ్లీషు సంగతి చూసుకోండి. ఫెడరల్ కోర్టులో ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం రావాలి. రాకపోతే ఆ సంగతి ఫారంలోనే ఉన్నదున్నట్టు రాయాలి. పక్కన కూర్చుని తెలుగులో చెబుతాను అంటే కుదరదు.

2. బట్టలు ముందురోజే తీసిపెట్టుకోండి

ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉన్నరోజు ఎలా వెళ్తారో అలా వెళ్లండి. మగవాళ్లకి కాలరున్న చొక్కా, ప్యాంటు, కాళ్లు కప్పే బూట్లు చాలు. సూటు వేసుకుంటే తప్పులేదు గానీ అవసరం లేదు. ఆడవాళ్లకి ప్యాంటు, బ్లౌజు గానీ సల్వార్ కమీజ్ గానీ హాయిగా ఉంటాయి. షార్ట్స్, బనియన్ లాంటి చొక్కాలు, హవాయి చెప్పులు, చిరుగుల జీన్స్ వద్దు. టోపీ, నల్లకళ్లద్దాలు లోపల తీసేయాలి. మతపరంగా తలకు చుట్టుకునే పాగా, హిజాబ్ లాంటివాటికి అభ్యంతరం ఉండదు.

అసలు జాగ్రత్త పడాల్సింది రాతలున్న బట్టల విషయంలో. మీ కంపెనీ లోగో ఉన్న టీ-షర్టు, పార్టీ పేరున్న బ్యాడ్జి, పోలీసులకు మద్దతు తెలిపే చేతిపట్టీ, ఏదో ఉద్యమం నినాదం... వీటితో కోర్టుకు రావద్దు. మీ కంపెనీ మీదే దావా వేసిన మనిషి ఎదురుగా ఉండవచ్చు. దొంగతనం కేసులో ముద్దాయి మీ చేతిపట్టీ చూసి, వీళ్లు ముందే తేల్చేసుకున్నారు అనుకోవచ్చు.

బట్టలు మాట్లాడతాయని అమెరికా సుప్రీంకోర్టే ఒప్పుకుంది. హ్యూస్టన్‌లో విలియమ్స్ అనే ముద్దాయి తన సొంత బట్టలు ఇమ్మని జైలు అధికారిని అడిగినా ఇవ్వలేదు. వీపు మీద ‘హ్యారిస్ కౌంటీ జైల్’ అని రాసి ఉన్న బట్టలతోనే జ్యూరీ ముందు కూర్చున్నాడు. ఎస్టెల్ వర్సెస్ విలియమ్స్ కేసులో 1976లో కోర్టు ఏమందంటే, ముద్దాయిని జైలు బట్టల్లో జ్యూరీ ఎదుట నిలబడమని బలవంతం చేయకూడదు, ఆ బట్టలే జ్యూరీ మనసును ప్రభావితం చేయవచ్చు. విచారణ కోర్టులో అభ్యంతరం చెప్పలేదన్న కారణంతో విలియమ్స్ మాత్రం ఓడిపోయాడు. అది చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అతని చొక్కా గురించి న్యాయస్థానం అంత ఆలోచించినప్పుడు, మన చొక్కా గురించి మనం పది నిమిషాలు ఆలోచించడం పెద్ద పనేమీ కాదు.

ఇంకొకటి, స్వెట్టర్. టెక్సస్‌లో బయట ఎండ మండిపోతున్నా లోపల ఏసీకి చేతులు కొంకర్లు పోతాయి. చలికి వణుకుతూ సాక్షి మాట మీద మనసు పెట్టడం కష్టం.

3. బొట్టు, తాళి, చీర, దీక్ష

బొట్టు, విభూతి, గాజులు, తాళి తీయాల్సిన పని లేదు. అవి మీరు రోజూ ఎలా ఉంటారో అందులో భాగం. గేటు దగ్గర డిటెక్టర్ మోగితే తాళి సంగతి చెప్పి, చేతి డిటెక్టర్‌తో చూడమని అడగండి. గలగలలాడే గాజులు మాత్రం ఆరోజుకి తగ్గించుకోవడం మంచిది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో సాక్షి గొంతు కన్నా మీ చెయ్యి కదిలిన చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

చీర కట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా కట్టుకోవచ్చు. కాకపోతే పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోవాలి, మెట్లు ఎక్కాలి, ‘ఆల్ రైజ్’ అన్నప్పుడల్లా లేవాలి. పట్టుచీర కన్నా నేత చీర సుఖం. నాన్నగారు పంచె కట్టుకునే వస్తానంటే, ముందురోజు కోర్టుకు ఫోన్ చేసి అడగండి. అడిగితే చెబుతారు.

దీక్ష సంగతి వేరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు నల్లబట్టలతో, చెప్పులు లేకుండా ఉంటారు. కోర్టు భవనంలోకి ఒట్టికాళ్లతో రానిస్తారనుకోవద్దు. కార్తీకంలో మాల వేసుకునే అలవాటు ఉంటే, నవంబరు నుంచి జనవరి మధ్య సమన్లు వచ్చినప్పుడు వాయిదా కోరండి. మొదటిసారి వాయిదా అడిగితే చాలా కోర్టులు సులువుగానే ఒప్పుకుంటాయి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తానని చెప్పి, మాట ప్రకారం వెళ్లండి. గేటు దగ్గర కాపలా మనిషితో వాదన పెట్టుకుని దీక్షనూ మనసునూ పాడుచేసుకోవద్దు.

4. గేటు దగ్గర, వెయిటింగ్ హాల్లో

విమానాశ్రయంలోలాగే తనిఖీ ఉంటుంది. పండు కోసుకునే చాకు, కత్తెర సంచిలోంచి తీసేసి బయల్దేరండి. కొన్ని ఫెడరల్ కోర్టుల్లో ఫోన్ కూడా లోపలికి రానివ్వరు. మిగతాచోట్ల వెయిటింగ్ హాల్లో వాడుకోవచ్చు, కోర్టు గదిలో మాత్రం పూర్తిగా ఆపేయాలి. సైలెంట్ సరిపోదు. ఎదురుచూపు చాలాసేపు ఉంటుంది కాబట్టి ఒక పుస్తకం, మధ్యాహ్నానికి తినడానికి ఏదైనా పెట్టుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి.

అరగంట ముందే చేరండి. పార్కింగ్‌లోనే పదిహేను నిమిషాలు పోతాయి. మీరు ఒక్కరు ఆలస్యమైతే జడ్జి, లాయర్లు, సాక్షులు, మిగతా జ్యూరర్లు అందరూ మీకోసం ఆగాలి.

5. ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పండి

పిలిచినవాళ్లలో ఒక గుంపును కోర్టు గదిలోకి తీసుకెళ్లి జడ్జి, లాయర్లు ప్రశ్నలు వేస్తారు. దీన్ని ‘వా డీర్’ అంటారు, టెక్సస్‌లో ‘వోర్ డైర్’ అని పలుకుతారు. ముందుగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేయిస్తారు. దేవుడి పేరు మీద వద్దనుకుంటే ‘అఫర్మ్’ అనవచ్చు, రెండింటికీ విలువ ఒక్కటే. బైబిల్ మీద చెయ్యి వేయాలన్న నియమం లేదు.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. మనం తల అటూ ఇటూ ఊపితే ఔనని అర్థం. అమెరికన్ లాయరుకు అది కాదన్నట్టు కనిపిస్తుంది. పైగా కోర్టు రిపోర్టర్ వినిపించిన మాటనే రికార్డుకు ఎక్కిస్తారు, తల ఊపుడు రికార్డుకెక్కదు. మొదటిసారి నేనూ అలవాటు కొద్దీ తల ఊపాను. రిపోర్టర్ వేళ్లు ఆగిపోయాయి, జడ్జి మళ్లీ చెప్పమన్నారు. అప్పటినుంచి ‘యెస్’, ‘నో’ అని గట్టిగా పలకడం ఇంట్లో కూడా అలవాటు చేసుకున్నాను. జడ్జిని ‘యువర్ ఆనర్’ అనండి. మీ పేరు తప్పుగా పిలిస్తే మర్యాదగా సరిదిద్దండి, అది రికార్డులో ఉండే పేరు.

ఇంట్లో జరిగిన హింస, దగ్గరివాళ్ల మీద జరిగిన నేరం లాంటివి అందరిముందూ చెప్పలేరు. జడ్జిగారితో విడిగా చెబుతానని అడగండి. దాచొద్దు. తప్పించుకోవడానికి అబద్ధం అసలు ఆడొద్దు, మీరు ప్రమాణం చేసి ఉన్నారు. ఎలా ఎగ్గొట్టాలో నేర్పే సలహాలు మన గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిని చూస్తే నాకు బాధేస్తుంది. రేపు మన పిల్లాడే ఆ బల్ల దగ్గర కూర్చోవాల్సి వస్తే, ఎదురుగా ఎలాంటివాళ్లు ఉండాలని కోరుకుంటాం?

మిమ్మల్ని వద్దని పంపేసినా చిన్నబుచ్చుకోకండి. చాలా కోర్టుల్లో కొంతమందిని కారణం చెప్పకుండానే తీసేసే హక్కు రెండు పక్షాలకూ ఉంది. జాతిని బట్టి మాత్రం తీయకూడదని 1986లో బ్యాట్సన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

6. జ్యూరీ కుర్చీలో కూర్చున్నాక

మీకిచ్చిన కుర్చీలోనే రోజూ కూర్చోండి. చూయింగ్ గమ్, తిండి వద్దు. ముఖం విషయంలో మాత్రం కొంచెం సాధన కావాలి. సాక్షి అబద్ధం చెబుతున్నట్టు అనిపించినా పెదవి విరవకండి, కళ్లు తిప్పకండి, పక్కవాళ్లతో గుసగుసలాడకండి. రెండు పక్షాల లాయర్లూ మీ ముఖాల్నే చదువుతుంటారు. కునుకు వస్తే, నీళ్లు కావాలంటే, సాక్షి మాట వినిపించకపోతే చెయ్యెత్తి బెయిలిఫ్‌కి, అంటే కోర్టు గదిలో జ్యూరీని చూసుకునే అధికారికి, తెలియజేయండి. వినిపించని మాటకు ఊ కొట్టడం కన్నా పెద్ద తప్పు లేదు. జడ్జి అనుమతిస్తే నోట్సు రాసుకోవచ్చు, ఆ కాగితాలు అక్కడే వదిలి రావాలి.

లిఫ్టులో లాయరు ఎదురుపడి పలకరించకుండా తల తిప్పుకుంటే పొగరు అనుకోవద్దు. జ్యూరర్లతో మాట్లాడకూడదన్నది వాళ్లకున్న నిబంధన. మీరూ పలకరించకండి.

7. ఇంటికొచ్చాక

ఇది మనకు అన్నిటికన్నా కష్టం. సాయంత్రం ఇంటికి రాగానే ‘ఏం కేసు? ఎవరిది తప్పు?’ అని అడుగుతారు. ఇండియా నుంచి అత్తగారు వీడియో కాల్‌లో అడుగుతారు. ఎవరికీ చెప్పకూడదు, మొగుడికీ పెళ్లానికీ కూడా. ‘కేసు అయ్యేదాకా చెప్పకూడదని జడ్జిగారు ఆజ్ఞ ఇచ్చారు’ అంటే పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు. వాట్సాప్ స్టేటస్, కోర్టు ముందు సెల్ఫీ వద్దు. ముద్దాయి పేరు, లాయరు పేరు, ఆ వీధి పేరు గూగుల్‌లో వెతకొద్దు. సంఘటన జరిగిన చోటు మీ దారిలో ఉన్నా కారు ఆపి చూడొద్దు. కోర్టు గదిలో రెండు పక్షాలకూ ప్రశ్నించే అవకాశం ఉన్న సాక్ష్యమే మీకు లెక్క. ఎవరైనా కేసు గురించి మీ దగ్గరికొచ్చి మాట్లాడబోతే వెంటనే బెయిలిఫ్‌కి చెప్పండి.

8. తీర్పు రోజు

చర్చ గదిలో మీ మాట స్పష్టంగా చెప్పండి, ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినండి. మన యాస చూసుకుని మొహమాటపడొద్దు. తీవ్రమైన నేరాల్లో జ్యూరీ ఏకగ్రీవంగా తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఒక్క ఓటు లేకుండా ఆ తీర్పు రాదు. ఇంటికి త్వరగా వెళ్లాలని ఒప్పుకోకండి.

గదిలోకి తిరిగి వచ్చేటప్పుడు ఎవరి వంకా నవ్వొద్దు. తీర్పు చదివాక ఏ లాయరైనా కోరితే, ఒక్కొక్కరినీ పేరు పెట్టో నంబరు పెట్టో పిలిచి ‘ఇది మీ తీర్పేనా?’ అని అడుగుతారు. ఆ క్షణాన ముద్దాయి మిమ్మల్నే చూస్తుంటాడు. అక్కడ కూడా తల ఊపకండి. అందరికీ వినిపించేలా నోటితో ‘యెస్’ అనండి. మీ తీర్పు కాకపోతే అంతే గట్టిగా ‘నో’ అనండి.